రమ్ము ముందు, బ్రాందీ చివర: వైన్స్ షాపులో చవక అర సమీక్ష

బోర్డు మీద ‘వైన్స్’ అని బారెడు అక్షరాలు. లోపల అడిగితే వైన్ తప్ప అన్నీ ఉంటాయి. ఉన్నా, ఎప్పుడో వచ్చిన రెండు సీసాలు ట్యూబ్‌లైటు పక్కన నిలబడి దుమ్ము పట్టి ఉంటాయి. జాలీ వెనక నుంచి కుర్రాడు ‘ఏం కావాలన్నా’ అంటే పేరు చెప్పి డబ్బులిచ్చి సీసా పట్టుకోవడమే తప్ప, చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చదివే వీలు చాలాచోట్ల ఉండదు. తక్కువ డబ్బుకి మంచి సరుకు కావాలనుకునేవాళ్లకి అడ్డం వచ్చేది ఇదే. అందుకే ఏం చదవాలో ముందే తెలిసి వెళ్లాలి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉన్న అరను దృష్టిలో పెట్టుకుని, ఏది గిట్టుబాటో, ఏది కాదో ఇక్కడ చూద్దాం. ఒక్కో బ్రాండు రేటు వేయడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి, సవరణ జరిగితే ఇంకొకటి. సీసా మీద అచ్చయిన ఎమ్మార్పీయే లెక్క.

ముందు సీసా మీది అంకె. మన దగ్గర విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా దాదాపు అన్నిటి మీదా 42.8% అని ఉంటుంది. పక్కనే 25 డిగ్రీల యు.పి. (అండర్ ప్రూఫ్) లేదా 75 డిగ్రీల ప్రూఫ్ అని రాసినా అర్థం అదే. అంటే ఫుల్లులో (750 మి.లీ.) అసలు ఆల్కహాలు 321 మి.లీ., క్వార్టరులో (180 మి.లీ.) 77 మి.లీ. 8% స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో (650 మి.లీ.) 52, 5% లైటు బీరులో 32 చిల్లర, 12.5% వైన్ సీసాలో 94. ధరను ఈ అంకెతో భాగిస్తే మి.లీ. ఆల్కహాలుకి ఎంత పడుతోందో తేలుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో వచ్చిన 99 రూపాయల క్వార్టరు మి.లీ.కి సుమారు రూపాయి ముప్పై పైసలు పడుతుంది. బలం అంతా 42.8 దగ్గరే ఉన్నప్పుడు కిక్కులో తేడా వెతకడం దండగ. రెట్టింపు ధర పెట్టి కొన్నదానిలోనూ అదే 321 మి.లీ. ఎక్కువ పెట్టే డబ్బు రుచికీ, ముడిసరుకుకీ, పన్నుకీ, పేరుకీ పోతుంది. ఆ నాలుగింటిలో మొదటి రెండిటికి ఎంత పోతోందన్నదే చూడాలి.

ముడిసరుకు అంటే ఇదీ సంగతి. చవక మద్యం చాలామటుకు ఈఎన్ఏ, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. చక్కెర మిల్లు నుంచి వచ్చే మొలాసిస్‌నో, నూకలూ మొక్కజొన్నా వంటి ధాన్యాన్నో పులియబెట్టి, ఏ వాసనా రుచీ మిగలకుండా 96% దాకా బట్టీ పట్టిన సారా అది. దాన్ని నీళ్లతో పలచన చేసి, రంగుకి కారమెల్, వాసనకి ఎసెన్సు కలిపితే ఏ పేరు పెడితే ఆ మందు అవుతుంది. యూరప్‌లో మొలాసిస్‌తో చేసినదాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. ధాన్యం ఉండాలి, కర్రపీపాలో మూడేళ్లు మగ్గాలి. మన నిబంధనల్లో ఆ పట్టింపు లేదు. అందువల్ల ఇక్కడ పాటించాల్సిన సూత్రం ఒకటే: ఏ మందు స్వభావరీత్యా చవగ్గా తయారవుతుందో దాన్నే చవగ్గా కొనాలి. ఖరీదైన మందుకి చవక వేషం కట్టింది కొనకూడదు.

ఆ లెక్కన మొదటి స్థానం రమ్ముది. మొలాసిస్‌తో చేసినా రమ్ము రమ్మే, అందులో మోసం లేదు. అసలు రమ్ము పుట్టుకే అది. ఓల్డ్ మంక్ గురించి కొత్తగా చెప్పేదేముంటుంది అనిపించవచ్చు గానీ, ఈ ధరలో పీపాలో మగ్గిన సరుకు ఇంకొకటి చూపించడం కష్టం. మోహన్ మీకిన్ కంపెనీ 1954 నుంచి చేస్తున్న ఈ రమ్ము లేబుల్ మీద ఏడేళ్ల వయసు రాసి ఉంటుంది. చవక అరలో వయసు రాసుకునే ధైర్యం ఉన్న సీసాలు అరుదు. వెనిల్లా, కాలిన చక్కెర, కొద్దిగా ఎండుద్రాక్ష వాసన. తీపి కాస్త ఎక్కువే. ఆ తీపి నచ్చనివాళ్లు కూల్‌డ్రింక్ మానేసి 60 మి.లీ.కి 120 నుంచి 150 మి.లీ. చల్లటి నీళ్లు, పావు నిమ్మచెక్క పిండుకుంటే సరిపోతుంది. చలికాలమైతే వేడినీళ్లు, రెండు లవంగాలు. నీళ్లు మరుగుతున్నప్పుడే పోస్తే ఆవిరితో ఘాటంతా ముక్కుకి కొడుతుంది. దించి రెండు నిమిషాలు ఆగాక పోయాలి. థమ్సప్‌తోనే తాగేవాళ్లు ఓల్డ్ మంక్ మీద కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు. కోలా తీపి కింద ఆ వెనిల్లా కనపడదు, మెక్‌డోవెల్స్ సెలబ్రేషన్ చాలు. తెల్ల రమ్ము కావాలంటే బకార్డీ బాగానే ఉంటుంది గానీ, ఆ ధరకి విస్కీ అరలోకి అడుగు పెట్టేయవచ్చు. పుదీనా, నిమ్మ, సోడాతో కలిపి నలుగురికి పోయాల్సి వస్తేనే దాని జోలికి వెళ్లాలి.

విస్కీ దగ్గర మూడు మెట్లున్నాయి. అడుగు మెట్టు ఎసెన్సు విస్కీలు. మధ్య మెట్టు ధాన్యపు సారాలో దిగుమతి చేసుకున్న స్కాచ్ మాల్టు (మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ) కలిపినవి. పై మెట్టు స్కాట్లండ్ నుంచి పెద్దమొత్తంలో తెచ్చి ఇక్కడ నీళ్లు కలిపి సీసాకెత్తే అసలు స్కాచ్. తేడా లేబుల్ మీదే ఉంటుంది. ‘గ్రెయిన్ స్పిరిట్’, ‘స్కాచ్ మాల్ట్’ అన్న మాటలు ఉన్నాయా, ‘ఫ్లేవర్ కలిపినది’ అన్న మాట ఉందా, ఈ రెండూ చూస్తే చాలు. వయసు రాయకపోవడం లోపం కాదు, ఇక్కడ రాయాలన్న నిర్బంధం లేదు.

మధ్య మెట్టులో రాయల్ స్టాగ్ ఇప్పటికీ కొలబద్ద. 1995లో వచ్చినప్పుడు మొలాసిస్ కాకుండా ధాన్యం, కృత్రిమ ఎసెన్సు కాకుండా స్కాచ్ మాల్టు అన్న మాటతోనే వచ్చింది. సోడాతో శుభ్రంగా ఉంటుంది, నీళ్లతో కాస్త పలచన. బ్లెండర్స్ ప్రైడ్ అదే ఇంటిది. మెత్తదనం ఎక్కువ, ముగింపులో తేనె ఛాయ. రెండింటి మధ్య ధర తేడా ఫుల్లుకి మూడొందలు దాటితే స్టాగే కొనండి. సోడా పోసి, ఐసు వేసి, పక్కన మిర్చిబజ్జీ పెట్టుకున్నాక ఆ తేడా పట్టుకోగలిగేవాళ్లు తక్కువ.

పెద్ద గెంతు వేయాల్సింది మధ్య మెట్టు నుంచి పై మెట్టుకి. లెక్క చూడండి. ఫుల్లులో 60 మి.లీ. పెగ్గులు పన్నెండున్నర. సీసా వెయ్యి అయితే పెగ్గు 80 రూపాయలు. పద్దెనిమిది వందలైతే 144. నెలకి నాలుగు పెగ్గులతో ఆగేవాళ్లకి ఈ తేడా రెండొందల యాభై రూపాయల పైచిలుకు, అంతే. వాళ్లకి స్కాచే గిట్టుబాటు. టీచర్స్ హైలాండ్ క్రీమ్‌లో మాల్టు పాలు ఎక్కువ, స్కాట్లండ్‌లోని ఆర్డ్‌మోర్ డిస్టిలరీ నుంచి వచ్చే సన్నటి పొగవాసన ఉంటుంది. పొగ పడనివాళ్లకి బ్లాక్ అండ్ వైట్, 100 పైపర్స్. వ్యాట్ 69 ఈ రెంటికీ మధ్య. బ్లాక్ డాగ్ కాస్త పైన. ‘ఇక్కడ సీసాకెత్తినది కదా, అసలుది కాదేమో’ అన్న అనుమానం అక్కర్లేదు. మూడేళ్లు స్కాట్లండ్‌లో మగ్గాకే బయలుదేరుతుంది. ఇక్కడ కలిసేది నీళ్లు. పూర్తి సీసాగా దిగుమతైన దాని మీద పడే సుంకం ఎక్కువ కాబట్టి ధర తేడా. మన సింగిల్ మాల్టుల్లో (ఒకే డిస్టిలరీలో మాల్టుతో మాత్రమే చేసిన విస్కీలు) గోవా పాల్ జాన్ వాళ్ల నిర్వాణ ఈ బడ్జెట్‌కి దగ్గరగా వస్తుంది. మన వేడికి పీపాలోంచి ఏడాదికి పది శాతం దాకా ఆవిరైపోతుంది, స్కాట్లండ్‌లో అది రెండు శాతం. అందుకే మన మాల్టులు చిన్న వయసుకే మగ్గుతాయి, చవగ్గా మాత్రం దొరకవు.

కొన్న విస్కీలో ఎసెన్సు పాలెంతో ఇంట్లో తేల్చుకోవచ్చు. 15 మి.లీ. పోసి అంతే నీళ్లు కలిపి, పది నిమిషాలు వదిలి వాసన చూడండి. మొదట గోళ్లరంగు తుడిచే మందు వాసన వచ్చి పోయి, కింద ధాన్యం, కర్ర వాసన మిగిలితే మాల్టు ఉన్నట్టు. ఐస్‌క్రీమ్ వెనిల్లా ఒక్కటే గుప్పుమని కొట్టి మాయమైతే ఎసెన్సు. ఇంకో పరీక్ష: గ్లాసు కడక్కుండా రాత్రంతా వదిలి పొద్దున్నే వాసన చూడాలి. మాల్టు ఉన్న గ్లాసులో పొడి కర్ర, బిస్కెట్టు వాసన నిలుస్తుంది. సీసా ఊపి బుడగలు చూసి ‘అసలు సరుకు’ అని తేల్చేవాళ్లు ప్రతి సిట్టింగులోనూ ఒకరుంటారు. బుడగలు చెప్పేది ఆల్కహాలు శాతం గురించే, నాణ్యత గురించి కాదు.

బ్రాందీ అంటే మన జిల్లాల్లో ప్రాణం పెట్టేవాళ్లున్నారు. కోపం తెచ్చుకోకుండా వినండి. అసలు బ్రాందీ అంటే ద్రాక్షసారా. ద్రాక్ష వైన్‌ని బట్టీ పట్టాలి, ఎన్నో కిలోల పండు కావాలి, చవగ్గా రాదు. మన చవక అరలో ఉన్నవన్నీ బ్లెండెడ్. న్యూట్రల్ సారాలో ద్రాక్ష బ్రాందీ వాటా కొద్దిపాటిదే. అడుగు ధరలో వాటి మధ్య ఎంపిక అంటే ఎసెన్సుల మధ్య ఎంపిక. జలుబుకి మంచిదన్న మాటకీ వైద్యానికీ సంబంధం లేదు. బ్రాందీయే కావాలంటే మాన్షన్ హౌస్ దగ్గర మొదలుపెట్టండి, ఇంకో మెట్టు ఎక్కగలిగితే మార్ఫియస్. అంతకంటే కిందికి దిగడం కన్నా అదే డబ్బుతో రమ్ము కొనడం మేలు.

వోడ్కాలో వెతకాల్సింది పెద్దగా లేదు. దాని పనే ఏ రుచీ లేకపోవడం, కాబట్టి చవకది కొన్నా నష్టం తక్కువ. మ్యాజిక్ మొమెంట్స్ ధాన్యంతో చేసిందే, మామూలు రకం చాలు. ఆరెంజ్, గ్రీన్ యాపిల్ రకాలు వద్దు. ఫ్లేవర్ కావాలంటే బత్తాయి పిండుకోండి, చవకా రుచీ రెండూ. జిన్నులో గ్రేటర్ దాన్ పెద్ద వాక్-ఇన్ దుకాణాల్లో దొరికితే తీసుకోవచ్చు. టానిక్ నీళ్ల ఖర్చు మాత్రం మర్చిపోవద్దు, రెండు టిన్నులు తాగితే ఆదా చేసిందంతా అక్కడే పోతుంది.

ఇక వైన్. దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బులు వృథా అయ్యేది ఎక్కువ ఇక్కడే.

సీసా చూడగానే వెతకాల్సింది ద్రాక్ష రకం పేరు. షిరాజ్, కాబర్నె, షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, జిన్‌ఫండెల్ వంటి పేరు లేకుండా ‘రెడ్ వైన్’, ‘పోర్ట్ వైన్’ అని మాత్రమే ఉంటే, అది తినే ద్రాక్షతో చేసి, చక్కెర కలిపినది అయ్యే అవకాశం ఎక్కువ. బెంగళూరు బ్లూ ద్రాక్షతో చేసిన తీపి వైన్‌కి ద్రాక్షజామ్ వాసన వస్తుంది. కేకులో పోయడానికి బాగుంటుంది. హైదరాబాదు ఒకప్పుడు అనాబ్-ఇ-షాహి ద్రాక్షకి పేరు పొందిన ఊరే, కానీ అదీ తినే పండే. మన ‘పోర్ట్’కీ పోర్చుగల్ డోరో లోయ పోర్ట్‌కీ చుట్టరికం పేరు వరకే.

రెండోది సంవత్సరం. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. ఆ ఏటి తెల్లవైన్ కొన్ని నెలల్లో దుకాణానికి వచ్చేస్తుంది. ఈ ధరలో తెల్లవీ, రోజేలూ (గులాబి రంగు వైన్లు) కోత సంవత్సరం నుంచి రెండేళ్లలోపు తాగాలి, ఎర్రవి మూడేళ్లలోపు. ‘పాతబడేకొద్దీ బాగుంటుంది’ అన్న మాట నేలమాళిగలో 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టిన ఖరీదైన సీసాకి వర్తిస్తుంది. మన మే నెల ఎండకి రేకుల షెడ్డు గోడౌన్‌లో నిలబడిన సీసాకి కాదు. ఉడికిపోయిన వైన్ గుర్తులు: బిరడా మూతిని దాటి పైకి పొడుచుకు రావడం, మెడ మీద జిగట చార, తెల్లవైన్ టీ డికాక్షన్ రంగుకి తిరగడం, వాసనలో ఉడికిన పండు. బిరడా ఉన్న సీసా నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి గాలి దూరుతుంది. అందుకే మన దుకాణాల్లో మరమూత సీసాయే క్షేమం. సులా చాలా రకాలకి అదే వాడుతుంది. అరలో ముందున్నది కాక, ఏసీ ఉన్న దుకాణంలో కార్టన్ లోంచి తీసివ్వమని అడగండి. సీజన్ చూసుకుంటే ఆగస్టు నుంచి ఫిబ్రవరి మధ్య కొన్నది ఏప్రిల్‌లో కొన్నదాని కంటే బాగుండే అవకాశం ఎక్కువ.

ఏది కొనాలి? 1999లో నాసిక్ దగ్గర మొదలైన సులాలో షెనిన్ బ్లాంక్ మన తిండికి సరిగ్గా అతుకుతుంది. కొద్దిపాటి తీపి, తగినంత పులుపు. కారానికి తీపి చల్లదనం. గుంటూరు మిరపతో చేసిన కోడివేపుడుకి ఎర్రవైన్ పోస్తే దాని వగరు కారాన్ని రెట్టింపు చేస్తుంది. ‘వైన్ చేదుగా ఉంది, నోరు మండింది’ అని వదిలేసినవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. గోంగూర ఉన్నచోట సావిన్యాన్ బ్లాంక్ పోయాలి. పులుపుకి పులుపే జోడీ. పులుపు తక్కువున్న వైన్ గోంగూర పక్కన చప్పగా నీళ్లలా అయిపోతుంది. బిర్యానీకి జిన్‌ఫండెల్ రోజే. ఎర్రది తాగాలనే ఉంటే షిరాజ్ కాబర్నె తీసుకుని, మిరియాల ఘాటుతో, మిరపకారం తగ్గించి చేసిన మటన్ వేపుడు పక్కన పెట్టుకోండి. అంతకంటే తక్కువలో సులా వాళ్లదే మదేరా ఉంది. ఐసు వేసి, బత్తాయి ముక్కలు కోసి సాంగ్రియాలా కలపడానికి పనికొస్తుంది, విడిగా తాగేందుకు పలచన. మహారాష్ట్ర అక్లూజ్‌లోని ఫ్రాటెల్లి వాళ్ల షెనిన్ సులా కంటే పొడిగా, అంటే తీపి తక్కువగా ఉంటుంది, వాళ్ల షిరాజ్ ఈ ధరలో ఎర్రవాటిలో మంచిదే. జాన్ డిస్టిలరీస్ వాళ్ల బిగ్ బన్యన్ మెర్లో మెత్తగా, కొత్తవాళ్లకి అలవాటు చేయడానికి వీలుగా ఉంటుంది. హంపి కొండల్లో హైదరాబాదు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెంచిన కృస్మా తోట వైన్ మన తెలుగువాళ్లదే, మంచిదే, ఈ బడ్జెట్‌లో మాత్రం అందని ద్రాక్ష.

ఇదే ధరకి విదేశీ సీసా కనిపిస్తే ఆశపడకండి. దిగుమతి వైన్ మీద సుంకం 150%. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్‌కి తగ్గింది గానీ, అది సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితేనే. మొదట 100%, పదేళ్లలో 50%. 15 డాలర్లు దాటినవాటికి తగ్గింపు ఇంకా ఎక్కువ. అంటే చవక విదేశీ వైన్‌కి లాభం లేదు. సుంకం, రవాణా, రాష్ట్రం పన్ను తీసేస్తే లోపల మిగిలేది అక్కడ రెండు మూడు డాలర్లకి దొరికే సరుకే. అదే డబ్బుకి నాసిక్ సీసాలో సత్తా ఎక్కువ.

తెల్లవైన్ ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉండాలి. ఎర్రవైన్‌ని ‘రూమ్ టెంపరేచర్’ అని 32 డిగ్రీల గదిలో పోస్తే సారా ఘాటే మిగులుతుంది, ఇరవై ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. 750 మి.లీ. సీసాకి ఐదు గ్లాసులు. తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు, ఆ తర్వాత వంటకి. విస్కీ, రమ్ము అయితే నెలల తరబడి ఉంటాయి. సగానికి దిగిన సీసాని చిన్న సీసాలోకి మార్చుకుంటే వాసన ఇంకా నిలుస్తుంది.

కొనేచోట పోయే డబ్బు సంగతి. నాలుగు క్వార్టర్లు కలిపితే 720 మి.లీ., ఫుల్లు 750. సాధారణంగా నాలుగు క్వార్టర్ల ధర ఫుల్లు ధరకి సమానమో, ఎక్కువో. అంటే అర పెగ్గు ఊరికే పోతుంది. కొత్త బ్రాండు రుచి చూడటానికి మాత్రం క్వార్టరే మంచిది, నచ్చకపోతే నష్టం తక్కువ. బెల్టు షాపులో ఎమ్మార్పీ మీద పది, ఇరవై అదనంగా తీసుకోవడమే కాదు, సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే దిక్కుండదు. మూత కింది రింగు తెగి ఉందా, హోలోగ్రామ్ అంచులు లేచి ఉన్నాయా, బ్యాచ్ నంబరు చెరిగిందా, ఒకే బ్రాండు రెండు సీసాల్లో మందు మట్టం తేడాగా ఉందా చూడండి. ములకలచెరువు నకిలీ మద్యం వ్యవహారం బయటపడ్డాక 2025 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ శాఖ సురక్ష యాప్ తెచ్చింది. సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎక్కడ తయారైందో, ఏ బ్యాచో వస్తుంది. ఖాళీ అయిన ఖరీదైన స్కాచ్ సీసాని పాతసామాను వాడికి వేసేముందు లేబుల్ గీకేయండి, మళ్లీ నింపి అమ్మేవాళ్లు వెతికేది వాటికోసమే. మిథనాలు అనే విషపు ఆల్కహాలు కలిసిన మందు రుచిలో తేడా చూపించదు. తాగిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో చూపు మంచు తెర కమ్మినట్టు మసకబారితే, విపరీతంగా వాంతులైతే హ్యాంగోవర్ అనుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి విరుగుడూ, డయాలిసిస్సూ ఉన్నాయి, ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

గోవా నుంచి సూట్‌కేసులో నాలుగు సీసాలు తెచ్చుకుంటే చవక కదా అంటారు. తెలంగాణలో పన్ను కట్టని మద్యం కింద రైల్లోనూ విమానాశ్రయంలోనూ పట్టుకుంటున్నారు, సీసాలు పోయి కేసు మిగులుతుంది. విదేశం నుంచి వచ్చే చుట్టాలుంటే మాత్రం శంషాబాద్ అరైవల్స్ డ్యూటీఫ్రీని వదలొద్దు. మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు, అక్కడ చాలా స్కాచ్‌లు లీటరు సీసాల్లో ఉంటాయి. 750తో పోల్చి ధర చూసేటప్పుడు ఆ పావు లీటరు లెక్కలో వేసుకోండి. అలాగే 42.8 కాకుండా 40% అని ఉంటుంది, అదీ చూసుకోండి. బిల్లు మాత్రం ఇంటికి చేరేదాకా పారేయవద్దు.